ఎర ఎవరి పని?

(స్త్రీల శ్రమ, వనరుల మీద హక్కులు అనే అంశంపై కార్యకర్తల కోసం ఏర్పాటైన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సముద్రం మీద బతికే స్త్రీల గురించి మాట్లాడమని నన్ను పిలిచినప్పుడు, పురుగుల గురించి మాట్లాడతానన్నాను. ఫోన్లో అవతలివైపు కాసేపు చప్పుడు లేదు. తర్వాత మన నిర్వాహకురాలు చాలా మర్యాదగా, "మేడమ్, హక్కులకీ దానికీ సంబంధం ఉంటుంది కదా?" అనడిగారు. ఉంటుందనే నా నమ్మకం. లేదనిపిస్తే చర్చలో నన్ను నిలదీయండి.

'ఎర' అన్న మాటను మన ఉద్యమంలో చాలాసార్లు వాడాం. ఎక్కువగా పోలికగానే వాడాం. స్త్రీ శరీరాన్ని ఎరగా చూపించి సరుకులు అమ్ముతున్నారని కరపత్రాలు రాశాం, పోస్టర్లు వేశాం. ఈరోజు నేను మాట్లాడబోయేది పోలిక గురించి కాదు. గాలానికి గుచ్చే అసలు ఎర గురించి. ఆ పురుగుని తవ్వేదెవరు, కొనేదెవరు, చావకుండా కాపాడేదెవరు, చేప ఒడ్డుకి వచ్చాక లెక్కలో కనిపించేదెవరు అన్నదే నా ప్రశ్న. మన సముద్రంలో గాలాలకి ఎక్కువగా చిన్న చేపలు, కవళ్ళు, రొయ్యలు గుచ్చుతారు. వానపాము మనకి చెరువు గట్టు మీద, కాలవ గట్టు మీద పిల్లల ఎర. అందుకని కథ మన తీరంలో కాక ఇంగ్లండు ఈశాన్య తీరంలో, నార్తంబర్లాండ్ జిల్లాలో మొదలవుతుంది. అక్కడినుంచి మన వైపుకి ఎలా వస్తుందో చెబుతాను.

2012లో నేను ఒక పరిశోధన పని మీద కొన్ని నెలలు అక్కడ ఉన్నాను. ఒకప్పుడు జాలర్ల పల్లె అయిన ఒక ఊళ్ళో, డెబ్బై ఎనిమిదేళ్ళ పెద్దావిడ ఇంట్లో గది అద్దెకి తీసుకున్నాను. ఆవిడ నన్ను 'పెట్' అని పిలిచేది. ఆ ప్రాంతంలో బస్సు డ్రైవరు దగ్గర్నుంచి కూరగాయలమ్మే ఆవిడ దాకా అందరూ అలానే పిలుస్తారు. మనవాళ్ళు 'అమ్మా' అన్నట్టు. మొదటి వారంలోనే ఆవిడ ఫ్రిజ్ తలుపు తీసి, పాలసీసాల కింద అరలో ఉన్న తెల్ల ప్లాస్టిక్ డబ్బా చూపించి, "ఇది మాత్రం తెరవకు పెట్, జడుసుకుంటావు" అంది. అందులో ఉన్నవి అల్లుడి పురుగులు.

అల్లుడి పురుగులన్నాను కదా, ఆ 'డి' విభక్తి దగ్గరే మన సమస్య మొదలవుతుంది.

ఆ ఊళ్ళో పడవ వేట చేసేవాళ్ళు ఇప్పుడు చాలా తక్కువ. సెలవు రోజున ఒడ్డు మీదో రాళ్ళ మీదో నిలబడి పొడుగాటి గాలపు కర్రతో చేపలు పట్టే మగవాళ్ళు మాత్రం చాలామంది. చలికాలంలో కాడ్ చేప కోసం తెల్లవారుజామున ఎముకలు కొరికే గాలిలో నిలబడతారు. ఆ పిచ్చి ఏమిటో నాకు అర్థం కాలేదుగానీ, అది వాళ్ళకి నిజమైన సంతోషం. అల్లుడికి శుక్రవారం రాత్రి దాకా డ్యూటీ. కూతురికి ఆస్పత్రిలో ఉద్యోగం. అంచేత గురువారమో శుక్రవారమో వెళ్ళి పురుగులు కొనడం, శనివారం దాకా వాటిని బతికించడం మా ఇంటావిడ పని. డబ్బు కూడా చాలాసార్లు ఆవిడ పింఛనులోంచే వెళ్ళేది. ఆ సంగతి ఎవరూ ఎత్తేవారు కాదు.

నేను ఆవిడ వెంట దుకాణానికి వెళ్ళాను. గాలాల సామాను అమ్మే చిన్న కొట్టు అది. వెనక గదిలో రెండు పాత ఫ్రిజ్‌లు ఉన్నాయి. అక్కడ ముఖ్యంగా రెండు రకాల పురుగులు అమ్ముతారు. ఒకటి లగ్ పురుగు. ఇది ఇసుకలో ఇంగ్లీషు 'యు' అక్షరం ఆకారంలో బొరియ చేసుకుని ఉంటుంది. బొరియ ఒక కొసన ఇసుకని చుట్టలు చుట్టలుగా బయటికి తోస్తుంది, రెండో కొసన చిన్న గుంట పడుతుంది. తవ్వేవాళ్ళు ఆ రెంటి మధ్యన గడ్డపార లాంటి ముళ్ళ పారతో తవ్వుతారు. రెండోది రాగ్ పురుగు. ఇది బురదలో, రాళ్ళ కింద ఉంటుంది. ఒళ్ళు పొడవునా రెండు పక్కలా తెడ్లలాంటి కాళ్ళు, తలలో కోరలు. పెద్దది కొరికితే నొప్పి తెలుస్తుంది. లగ్‌ని లెక్కపెట్టి అమ్ముతారు, రాగ్‌ని తూకం వేసి అమ్ముతారు. రెంటినీ న్యూస్‌పేపర్లో చుట్టి ఇస్తారు.

కొనడం ఒక విద్య అని ఆవిడ పక్కన నిలబడితే తెలిసింది. ముందుగా ఫోన్ చేసి చెప్పాలి. ఎందుకంటే తవ్వకం ఆటు సమయంలోనే కుదురుతుంది. నల్ల లగ్ అనే లావుపాటి రకం ఒడ్డుకి బాగా దిగువన ఉంటుంది కనక అమావాస్యకీ పౌర్ణమికీ నీరు బాగా వెనక్కి పోయినప్పుడు గానీ సరిగ్గా దొరకదు. గాలి ఒడ్డువైపు గట్టిగా వీస్తే తవ్వేవాళ్ళు దిగలేరు, ఆ వారం పురుగు ఉండదు. ఇవన్నీ ఆవిడకి క్యాలెండరు చూడకుండా తెలుసు. కొట్లో పొట్లం చేతికివ్వగానే ఆవిడ అక్కడే విప్పేది. ముందు వాసన చూసేది. తర్వాత వేలితో ఒక్కొక్కదాన్నీ తాకేది. తాకితే ముడుచుకోవాలి. మెత్తగా వేలాడితే పనికిరాదు. తెగింది గానీ పగిలింది గానీ ఒక్కటి కనిపించినా కొట్టువాడి ముందు పెట్టేది. అతను మారుమాట్లాడకుండా మార్చి ఇచ్చేవాడు. మన చేపల బజారులో మొప్ప ఎత్తి చూసే అమ్మల చేతులు గుర్తొచ్చాయి నాకు.

ఇంటికి తెచ్చాక అసలు పని. పురుగు చల్లగా ఉండాలి గానీ గడ్డకట్టకూడదు. ఫ్రిజ్ నాలుగైదు డిగ్రీల దగ్గర ఉండాలి. రాగ్‌నీ లగ్‌నీ ఒకే పొట్లంలో పెట్టకూడదు. తడిసిన కాగితం తీసేసి పొడి కాగితంలో మళ్ళీ చుట్టాలి. లగ్ అయితే రోజూ మార్చాలి. అప్పటికీ అది కొద్ది రోజులకి మించి ఉండదు. రాగ్‌ని ఇంకొన్నాళ్ళు ఉంచాలంటే వెడల్పాటి పళ్ళెంలో పలచగా, పురుగు మునగనంత సముద్రపు నీళ్ళు పోసి అందులో ఉంచాలి. ఆ నీళ్ళు కూడా మార్చాలి. అందుకోసం ఆవిడ సముద్రానికి వెళ్ళి సీసాల్లో నీళ్ళు పట్టి తెచ్చి ఫ్రిజ్‌లోనే చల్లబెట్టి ఉంచేది. రోజుకి రెండుసార్లు చూసి చచ్చినదాన్ని ఏరి పారెయ్యాలి. చచ్చిన ఒక్కటి మిగతావాటన్నిటినీ చంపుతుంది.

ఇక్కడ నా ఘనకార్యం ఒకటి చెప్పాలి. ఒక గురువారం ఆవిడకి ఒంట్లో బాగాలేదు. పళ్ళెంలో నీళ్ళు మార్చమని నాకు చెప్పింది. ఫ్రిజ్‌లో సీసాలు రెండు రకాలవి ఉన్నాయి. నేను తాగే నీళ్ళ సీసా తీసి పోశాను. మంచినీళ్ళే కదా, ఇంకా మంచిదనుకున్నానో ఏమో. ఉప్పునీటి పురుగుకి మంచినీళ్ళు విషం. సాయంత్రానికి అన్నీ ఉబ్బి, తెల్లబడి, కదలకుండా పడి ఉన్నాయి. సోషియాలజీలో డాక్టరేటు ఉన్నదాన్ని, మూడు వారాలుగా ఆవిడ పని గురించి పుస్తకం నిండా నోట్సు రాసుకున్నదాన్ని, ఆ పనిలో ఒక్కపూట నిలబడలేకపోయాను. ఆవిడ తిట్టలేదు. జ్వరంతోనే కోటు వేసుకుని బస్సెక్కి మళ్ళీ కొనుక్కొచ్చింది. శనివారం అల్లుడికి డబ్బా అందించింది. ఆ ఆదివారం అతను పెద్ద కాడ్‌ని రెండు చేతులతో ఎత్తి పట్టుకున్న ఫోటో వంటింటి గోడకి ఎక్కింది. అతను మంచివాడే, అత్తగారంటే గౌరవం ఉన్నవాడే. కానీ ఈ చేప వెనక ఇద్దరాడవాళ్ళ రెండు రోజుల శ్రమ, ఒకామె జ్వరం ఉన్నాయని ఆ ఫోటో చూసి ఎవరూ చెప్పలేరు.

సరే, ఇది సరదా వేట కథే అని మీరనవచ్చు. మా ఇంటావిడ చిన్నతనంలో ఇది సరదా కాదు. ఆ తీరంలో అప్పటి ప్రధానమైన వేట గాలాల తాడుతో. ఒక్కొక్క మగవాడికీ ఒక తాడు, దానికి వెయ్యికి పైగా గాలాలు. ప్రతి గాలానికీ ప్రతి వేటకీ కొత్తగా ఎర గుచ్చాలి. ఆ గుచ్చే పని స్త్రీలది, పిల్లలది. మస్సెల్ అనే నల్లటి ఆల్చిప్పల్ని పచ్చివి పచ్చిగానే పొట్టి కత్తితో తెరిచి, కండ చెడకుండా తీసి, గాలానికి గుచ్చాలి. గాలం గుచ్చిన తాడుని వెడల్పాటి బుట్టలో వరుసలుగా చుట్టి, వరుసకీ వరుసకీ మధ్య గడ్డి పరచాలి. లేకపోతే పడవలోంచి విసిరేటప్పుడు ఒకదానికొకటి చిక్కుకుంటాయి. గంటల తరబడి పని అది. పొద్దున్నే స్కూలుకి వెళ్ళేముందు చిప్పలు తెరిచేదాన్నని ఆవిడ చెప్పింది. చలికి వేళ్ళు మొద్దుబారి కత్తి తెగిన సంగతి కూడా తెలిసేది కాదట. మస్సెల్ దొరకనప్పుడు తల్లితో కలిసి ఇసుకలో లగ్ పురుగులు తవ్వేది. లగ్‌ని పట్టుకుంటే వేళ్ళకి పచ్చటి మరక అంటుకుంటుంది, సబ్బుకి పోదు. ఆ మరక చూసి స్కూల్లో పట్నం పిల్లలు దూరం జరిగేవాళ్ళట. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి ఆ మాట చెబుతూ చేతులు ఏప్రన్ కింద పెట్టుకుంది. తను పెట్టుకున్నట్టు తనకే తెలియదు.

ఇంకా దక్షిణాన, యార్క్‌షైర్ తీరంలో, లింపెట్ అని రాతికి టోపీలా అంటుకుని ఉండే ఒక రకం గవ్వని ఎరకి వాడేవాళ్ళు. వాటిని ఏరే ఆడపిల్లలు ఒడ్డు వెంట మైళ్ళకొద్దీ నడిచేవాళ్ళు, తాళ్ళు పట్టుకుని కొండచరియల మీదుగా దిగేవాళ్ళు. ఆర్థర్ మన్బీ అనే ఆయన 1860లలో ఫ్లాంబరో దగ్గర ఈ పిల్లల్ని చూసి తన డైరీల్లో రాశాడు. ఆ మన్బీ గారికి కాయకష్టం చేసే స్త్రీలంటే ఒక వింత మోజు. దాన్ని గురించి వేరే సమావేశం పెట్టుకోవచ్చు. కానీ ఆయన రాయకపోతే మనకి ఆ వివరాలు మిగిలేవి కావు. ఇది మన పరిశోధనలో తరచూ ఎదురయ్యే చిక్కే. స్త్రీల పని గురించిన సాక్ష్యం చాలాచోట్ల ఆ పనిని తమాషాగా చూసిన మగవాడి కాగితాల్లోనే దొరుకుతుంది.

స్త్రీల శ్రమ లేకుండా ఆ గాలాల వేట లేదన్నది ఎంత స్పష్టమంటే, భార్య గానీ తల్లి గానీ లేని జాలరి ఎర గుచ్చడానికి కూలికి మనిషిని పెట్టుకోవాల్సిందే. అంటే ఆ పనికి బజారులో ధర ఉంది. భార్య చేస్తే ధర లేదు. పాల్ థాంప్సన్ మరో ఇద్దరితో కలిసి 1983లో ప్రచురించిన 'లివింగ్ ది ఫిషింగ్' అన్న పుస్తకం బ్రిటన్‌లో రకరకాల జాలరి ఊళ్ళలో స్త్రీల స్థానాన్ని పోల్చి చూస్తుంది. వేటలోనూ అమ్మకంలోనూ స్త్రీల చెయ్యి ఎంతుంది అన్నది ఇంట్లో వాళ్ళ మాటకి ఎంత విలువ అన్నదాన్ని చాలా మార్చేస్తుందని అది చదివితే అర్థమవుతుంది. తర్వాత ట్రాలర్లు, పెద్ద వలలు వచ్చాయి. వలకి ఎర అక్కర్లేదు. క్రమంగా స్త్రీలు ఆ పనిలోంచి తప్పుకున్నారు.

ఇక్కడ నేను ఒక పొరపాటు చేశాను. ఆ శ్రమతో పాటు మీకు వేటలో ఉన్న పట్టు కూడా పోయింది కదా అని ఆవిడతో కాస్త విచారంగా అన్నాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "పోతే పీడా పోయింది. నువ్వు ఒక్క చలికాలం చిప్పలు తెరిచి ఉంటే ఈ మాట అనేదానివి కాదు" అంది. నేను నోరు మూసుకున్నాను. స్త్రీల పాత పనుల గురించి మాట్లాడేటప్పుడు మనలో చాలామందికి ఈ జబ్బు ఉంది. పనికి గుర్తింపు కావాలని అడగడం వేరు, ఆ పనిని ముద్దుచేయడం వేరు.

గుర్తింపు సంగతికొస్తే, బ్రిటిష్ జనగణన 1881లో ఇంటిపని చేసే స్త్రీలను 'వృత్తి లేనివారి' తరగతిలో వేసింది. ఇంటి గుమ్మం దగ్గర కూర్చుని వెయ్యి గాలాలకి ఎర గుచ్చే స్త్రీ పని ఇంటిపనా, వేటా? గుమ్మం లోపల చేస్తే ఇంటిపని, ఒడ్డు మీద చేస్తే వేట అవుతుందా? మన దేశంలో కూడా ఈ పోరాటం నడిచింది. 1991 జనగణనలో, కుటుంబ పొలంలో గానీ కుటుంబ వ్యాపారంలో గానీ కూలి లేకుండా చేసిన పనిని కూడా కలిపి చెప్పమని ప్రశ్నలోనే చేర్చారు. అది స్త్రీల సంఘాలూ పరిశోధకులూ అడగ్గా అడగ్గా వచ్చిన మార్పు. అయినా ఇంటికొచ్చిన ఎన్యూమరేటరు గుమ్మంలో మగవాణ్ణి అడిగి రాసుకుపోతే ప్రశ్న ఎంత మంచిదైనా ఏం లాభం?

ఇప్పుడు చట్టం దగ్గరికి వస్తాను. నన్ను ఎక్కువ ఆలోచనలో పడేసింది ఇదే. సముద్రపు ఒడ్డున పురుగు తవ్వుకునే హక్కు ఎవరిది అన్న ప్రశ్న నిజంగానే కోర్టుకెక్కింది. ఆ నార్తంబర్లాండ్‌లోనే, బోల్మర్ అనే చోట తవ్వకం మీద. 1993లో ఆండర్సన్‌కీ ఆల్నిక్ జిల్లా కౌన్సిల్‌కీ మధ్య కేసులో ఇంగ్లండు హైకోర్టు చెప్పిందేమిటంటే, ఆటుపోట్ల నేల మీద ఎరకి పురుగులు తవ్వుకునే హక్కు ప్రజలకి ఉంది. కానీ అది స్వతంత్రమైన హక్కు కాదు. చేపలు పట్టుకునే హక్కుకి అనుబంధంగా వచ్చే హక్కు. అంటే పురుగు తవ్వడానికీ చేప పట్టడానికీ నేరుగా సంబంధం ఉండాలి. అమ్ముకోవడానికి తవ్వితే ఆ హక్కు వర్తించదు.

ఒక్క నిమిషం ఆగి దీన్ని చూడండి. హక్కు అంతా చేప దగ్గర ఉంది. పురుగుకి ఉన్నది దాని నీడ. గాలం వేసేవాడికి తవ్వుకునే హక్కు ఉంది. తవ్వడమే బతుకైనవాళ్ళకి లేదు. మా ఇంటావిడ చెప్పినదాన్నిబట్టి, బొగ్గు గనులు మూతపడ్డాక ఆ తీరంలో ఎందరో నిరుద్యోగులు పురుగులు తవ్వి కొట్లకి అమ్ముకుని బతికారు. విపరీతంగా తవ్వితే ఒడ్డు పాడవుతుంది, పక్షులకి తిండి పోతుంది, పడవల లంగర్లకి పట్టు పోతుంది. అదీ నిజమే. నేను తవ్వకానికి హద్దులుండకూడదనడం లేదు. కానీ హద్దు ఎక్కడ గీశారన్నది చూడాలి. ఎంత తవ్వాలి అన్నచోట కాదు, చేప పట్టేవాడివా కాదా అన్నచోట గీశారు. ఇక తన గాలం లేకుండా భర్త గాలానికో తండ్రి గాలానికో తరతరాలుగా తవ్విన స్త్రీలు ఏ హక్కుతో తవ్వినట్టు? భర్త హక్కుకి అనుబంధమైన హక్కుకి వీళ్ళు మళ్ళీ అనుబంధమా? రేషన్ కార్డు దగ్గర్నుంచి పట్టాదారు పుస్తకం దాకా మనం ఎదుర్కొన్న ప్రశ్నే, బురద అంటుకుని ఇక్కడ కనిపిస్తుంది.

మన వైపుకి రావడానికి దారి కూడా పురుగే. ఆ నార్తంబర్లాండ్‌లోనే లైన్‌మత్ దగ్గర, విద్యుత్ కేంద్రం వదిలే వెచ్చటి నీటిని వాడుకుని రాగ్ పురుగుల్ని పెంచే సంస్థ 1980లలో మొదలైంది. న్యూకాజిల్ విశ్వవిద్యాలయంలో పీటర్ ఆలివ్ అనే శాస్త్రవేత్త పరిశోధన నుంచి పుట్టింది అది. మొదట గాలాలవాళ్ళ కోసమే. కానీ ఈ జాతి పురుగులకి ఇంకో పెద్ద గిరాకీ ఉంది. అది రొయ్యల హేచరీ. తల్లి రొయ్యలు గుడ్లకి రావాలంటే బలమైన మేత కావాలి. పాలీకీట్స్ అని హేచరీలవాళ్ళు పిలిచే ఈ సముద్రపు పురుగుల్లోని కొవ్వు పదార్థాలు అందుకు బాగా పనికొస్తాయి. విశాఖపట్నం నుంచి నెల్లూరు దాకా మన తీరం వెంట ఉన్న హేచరీల గోడల వెనక ఈ మేత సంగతి పనిచేసే ప్రతివారికీ తెలుసు. గోడ బయట ఉన్న మనకే తెలియదు.

మరి ఆ పురుగు ఎక్కణ్ణుంచి వస్తుంది? పెంపకపు పురుగులు, దిగుమతి పురుగులు ఉన్నాయి. వాటితోపాటు మన ఉప్పుటేర్ల బురదలోంచి చేతులతో తవ్వి తీసినవీ ఉన్నాయి. పులికాట్ సరస్సు మనకీ తమిళనాడుకీ సరిహద్దు. తమిళనాడు వైపు పులికాట్, ఎన్నూరు ప్రాంతాల్లో ఇరుల కుటుంబాలు ఈ పని చేస్తాయి. మన వైపు యానాదులకి వాళ్ళు దగ్గరి బంధువుల్లాంటివాళ్ళు. నడుములోతు బురదనీటిలో వంగి, చేత్తో తడిమి రొయ్యలు పట్టడంలో ఇరుల స్త్రీలది అందె వేసిన చెయ్యి. పురుగు తవ్వకం కూడా ఆ చేతులకే వచ్చింది. తీసిన పురుగు ఏజెంటుకి, ఏజెంటు నుంచి హేచరీకి పోతుంది.

ఇప్పుడు ఆ సరస్సులో హక్కులెలా ఉన్నాయో చూడండి. పులికాట్‌లో 'పాడు' అనే పాత కట్టుబాటు ఉంది. ఏ ఊరివాళ్ళు, ఏ రోజు, ఏ నీటిలో రొయ్యల వల కట్టాలో వంతులు వేసి పంచే పద్ధతి. తగాదాలు లేకుండా సరస్సుని పంచుకున్న గొప్ప ఏర్పాటు అని దాన్ని చాలామంది పండితులు మెచ్చుకుంటారు. మెచ్చుకోదగినదే. కానీ ఆ వంతు వచ్చేది ఒక జాలరి కులపు మగవాళ్ళకి, అదీ పెళ్ళయినవాళ్ళకి. ఆ కులపు స్త్రీలకి లేదు. ఇరులవాళ్ళకి ఆడా మగా ఎవరికీ లేదు. వాళ్ళకి మిగిలింది వల పట్టని అంచుల బురద. ఇంగ్లండు కోర్టు పురుగుని చేప నీడలో పెట్టింది. ఇక్కడ ఆ నీడ కూడా లేదు. ఎందుకంటే వీళ్ళకి చేప హక్కే లేదు.

ఈ పని మీద ఇంకో కత్తి కూడా వేలాడుతోంది. 1990ల మధ్యలో మన తీరంలో తెల్లమచ్చ రోగం వచ్చి రొయ్యల చెరువులు తుడిచిపెట్టుకుపోయిన రోజులు ఇక్కడున్న పెద్దవాళ్ళకి గుర్తుండే ఉంటాయి. 2005లో మన శాస్త్రవేత్తలే ప్రచురించిన పరిశోధనలో, ఈ పురుగులు ఆ వైరస్‌ని మోయగలవనీ వాటిని తిన్న తల్లి రొయ్యలకి అది సోకగలదనీ తేలింది. ఇప్పుడు రోగం లేని తల్లి రొయ్యల్ని విదేశాల నుంచి తెప్పించే హేచరీకి బురద పురుగంటే భయం ఉండటం సహజమే. సైన్సుతో నాకు పేచీ లేదు. నేను అడిగేదల్లా ఒకటే. రోగమొచ్చిన చెరువుల మురుగు నీరు ఏరుల్లోకి వదిలినవాళ్ళకి పేరూ ఊరూ లైసెన్సూ ఉన్నాయి. నిబంధన మారినప్పుడు వాళ్ళని పిలిచి మాట్లాడతారు. ఆ బురదలో దిగి తవ్విన స్త్రీకి ఏ కాగితం మీదా పేరు లేదు. ఆమె పని ఒకరోజు ఆగిపోతే, ఆగిపోయిందన్న సంగతి కూడా ఎక్కడా నమోదు కాదు.

2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను తర్వాత ఎన్నూరు వాగులోకి నూనె కొట్టుకొచ్చినప్పుడు తమిళనాడు ప్రభుత్వం జాలరి కుటుంబానికింత, పాడైన పడవకింత అని పరిహారం ప్రకటించింది. చేతులే పనిముట్లైన వాళ్ళకి పడవ ఉండదు కదా. నూనె అంటిన చేతులకి ఏ లెక్క? మన దగ్గర కూడా అంతే. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధం. ఆ కాలానికి ఇచ్చే భృతి పడవెక్కే మనిషిని చూసి లెక్కకడతారు. చేప లేకపోతే అమ్మే ఆవిడకీ, ఎండబెట్టే ఆవిడకీ, ఎర సిద్ధం చేసే ఆవిడకీ కూడా ఆ 61 రోజులూ పని లేదు. ఇది మనం ఎన్నో వినతిపత్రాల్లో రాశాం, మళ్ళీ రాస్తాం. కానీ రాసేటప్పుడు 'మత్స్యకార మహిళలు' అని ఒకే ముద్దగా రాస్తున్నాం. ఆ ముద్దలోంచి అమ్మకం ఒక్కటే అధికారులకి కనిపిస్తోంది. ఎందుకంటే అది బజారులో జరుగుతుంది.

అందుకని ఒక పని మీ ముందు పెడుతున్నాను. తీర గ్రామాల్లో మీ సంస్థలు చేసే సర్వే ఫారాల్లో 'వృత్తి' అన్న గడి ఒకటే ఉంది. దాన్ని కాసేపు పక్కనపెట్టి చిన్న చిన్న ప్రశ్నలు అడగండి. గాలానికి ఎర ఎవరు తెస్తారు? కొంటే డబ్బు ఎవరిది? రాత్రి దాన్ని ఎవరు, ఎక్కడ, ఎలా ఉంచుతారు? ఐసు ఎవరు మోస్తారు? బురదలో దిగేది ఎవరు, ఏ నెలల్లో, కాలికి గాయమైతే ఎక్కడికి పోతారు? ఏజెంటు తూకం వేసేటప్పుడు పక్కన ఎవరుంటారు? ఈ ప్రశ్నలు మగవాళ్ళు లేనప్పుడు, స్త్రీని ఆ పని జరిగే చోట నిలబడి అడగాలి. ఇంటి దగ్గర అడిగితే "నేనేం చెయ్యను, ఆయనే వేటకెళ్తాడు" అనే చెబుతుంది. మా ఇంటావిడ కూడా నాకు మొదటి రోజు చెప్పింది అదే. తన తండ్రి జాలరి, అల్లుడు గాలం వేస్తాడు, తను ఏమీ చెయ్యదు.

ఫారం నమూనా ఒకటి తయారుచేసి తెచ్చాను, ప్రతులు తలుపు దగ్గర బల్ల మీద ఉన్నాయి. రెండో పేజీలో 'ఉప్పునీటి వనరులు' అన్న శీర్షిక కింద ప్రశ్నలు నాకే తృప్తిగా లేవు. నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి వచ్చినవాళ్ళు, ముఖ్యంగా యానాది కాలనీల్లో పనిచేస్తున్నవాళ్ళు భోజనాల తర్వాత ఒక అరగంట నాతో కూర్చుంటే, అక్కడి మాటల్లో వాటిని తిరగరాద్దాం.